నానోవా టీచరమ్మ, చెవులున్న పలక

నానోవా టీచరమ్మకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. భూమ్మీద పడగానే మిగతా పిల్లల్లా ఏడవలేదట. బొడ్డు కోయబోతున్న ముసలమ్మను ఎగాదిగా చూసి, కత్తి కడిగిందో లేదో తేల్చుకున్నాకే నోరు తెరిచిందట. ఆ ముసలమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ మాట ఒట్టేసి చెప్పేది. ఆవిడ ఒట్లలో సగం నమ్మవచ్చు, ఇది ఆ సగంలోదే.

ఊరి పేరు నుకమారో, అబాయాంగ్ దీవికి ఉత్తరపు కొస. ఊరు ఎంత సన్నమంటే, పెద్ద సముద్రం వైపు నిలబడి తుమ్మితే లోపలి కడలి వైపు వల ఆరేసుకునేవాడు చిరంజీవ అంటాడు. అంత సన్నని ఊళ్ళో రహస్యం దాగదు. అయినా నానోవా వెతకడం మానదు. దుకాణంలో బిస్కెట్ పొట్లం చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఎన్ని విరిగాయో చెప్పేస్తుంది. దుకాణదారు ఒకసారి పందెం కట్టి విప్పి చూశాడు. ఆమె ఏడు అంది, ఏడే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆమె వస్తుంటే పొట్లాలు వెనక్కి సర్దేస్తాడు.

మొగుడు తెరాకా కొబ్బరిచెట్లెక్కి కల్లు గీస్తాడు. చెట్టు మీద ఉన్నంతసేపూ గొంతెత్తి పాడాలి, పైన మనిషి ఉన్నాడని కిందవాళ్ళకు తెలియాలి కదా. నానోవాకు ఆ పాటే కాపలా. పొయ్యి దగ్గర కూర్చుని చెవి అటే పెడుతుంది. పాట ఒక్క క్షణం ఆగిందా, "ఏవయ్యా, గీస్తున్నావా, తాగుతున్నావా?" అని కింది నుంచి కేక. తెరాకా పైనుంచి దగ్గుతాడు. దగ్గు కూడా ఒక్కోసారి తియ్యగా వినిపిస్తుందని ఆమె ఫిర్యాదు.

అలాంటి మనిషి ఇరవై ఆరేళ్ళుగా ఊరి బడిలో మూడో తరగతికి పాఠం చెబుతోంది. తండ్రికి చెప్పింది, తర్వాత అదే చోట కూర్చోబెట్టి కొడుక్కీ చెప్పింది. కింద పరిచిన మొగలాకు చాప నాలుగుసార్లు మారింది, ఆమె మారలేదు. ఎవడి పలక మీద ఎవడి చేతిరాత ఉందో వాసన చూసి చెప్పగలదని పిల్లల గట్టి నమ్మకం. పాఠం ముగిశాక మాత్రం రోజూ ఒకటే మాట.

"అర్థమైందా?"

ఇరవై రెండు జతల కనుబొమలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఆ దీవుల్లో ఔననడానికి నోరెందుకు, కనుబొమ ఎగరేస్తే చాలు. పెద్దవాళ్ళ ముందు అదే మర్యాద కూడా. ఆమె తృప్తిగా పుస్తకం మూసేస్తుంది. లోకంలో నానోవా అనుమానించని వస్తువు ఏదైనా ఉందంటే ఆ కనుబొమలే.

ఆ ఏడు బడికి సెలవులివ్వడానికి నెల ముందు, రాజధాని తరావా నుంచి పడవలో ఒక కుర్రాడు దిగాడు. సన్నగా, నీళ్ళలో నానిన తాడులా ఉన్నాడు. చంకలో ఒక వస్తువు, దానికి ఒకదాని మీద ఒకటి మూడు ప్లాస్టిక్ సంచులు. తను మోకాళ్ళ దాకా తడిసినా దానికి చుక్క తగలనివ్వలేదు.

"మౌరీ టీచరమ్మా" అని ఆ దీవుల పద్ధతిలో పలకరించాడు. "నా పేరు బవురో. పిల్లల చదువు ఎలా ఉందో చూడ్డానికి పంపారు."

"చూడ్డానికైతే కళ్ళు చాలు కదా నాయనా. ఆ సంచుల్లో ఏంటి?"

"ట్యాబ్ అండీ. పరీక్ష ఇందులోనే ఉంటుంది. ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తాను, తప్పయితే ఇక్కడ వేలితో తాకుతాను. నిమిషం కాగానే అదే ఆగిపోతుంది."

"మార్కులెవరేస్తారు? నువ్వా, అదా?"

"అదే వేసుకుంటుందండీ."

"మరి నువ్వెందుకు? దాన్ని మొయ్యడానికా?"

కుర్రాడు నవ్వి ఉత్తరం చేతిలో పెట్టాడు. నానోవా మూడుసార్లు చదివింది. అక్షరాల వెనక ఇంకేమైనా దాచారేమోనని ఎండకు ఎత్తి కూడా చూసింది. దాచిందేమీ లేదు, ఉన్నదే చాలు. మూడో తరగతిలో సగం మంది, అంటే పదకొండు మంది, ఈ పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే వచ్చే ఏడు నుంచి ఆ తరగతి వేరే టీచరుది. నానోవా తరావాకు వెళ్ళి ఆఫీసులో పుస్తకాల గది చూసుకోవాలి.

పుస్తకాల గది! ఒకసారి చూసింది దాన్ని. కిటికీ లేదు, పిల్లలు లేరు. అనుమానించడానికి బొద్దింకలు తప్ప ఎవరూ లేరు.

ఆ సాయంత్రం చెట్టు దిగిన తెరాకాతో అంది. "ఆ పలకలో ఏదో మోసం ఉందయ్యా. ముందే జవాబులు రాసుకుని తెచ్చారు. ఊరికే పిల్లల్ని కూర్చోబెట్టి ఆట ఆడిస్తారు."

"నీ పిల్లలకు చదువొచ్చుగా, భయమెందుకు?"

"పిల్లల మీద నాకు అనుమానమా? ఆ పలక మీద. నేను దగ్గరికి వెళ్ళి మాట్లాడితే ఎర్రచుక్క ఒకటి వెలిగింది. అది వింటోంది."

"వింటే విననీ. నా పాట వింటుంది, పాపం దాని బతుకు బాగుపడుతుంది."

మర్నాడు పరీక్ష. బడి పక్కన గోడల్లేని పాక ఒకటి ఉంది, మోకాలెత్తు కర్రల మీద పరిచిన అరుగు, పైన ఆకుల కప్పు. బవురో అక్కడ కూర్చున్నాడు. ఎదురుగా ఒక పిల్ల లేదా పిల్లాడు, చేతిలో చదవాల్సిన కాగితం. పరీక్ష పెట్టేటప్పుడు టీచరు దగ్గర ఉండకూడదని రూలట. అది వినగానే ఆమె అనుమానం పది రెట్లయింది. పాకకు ఆనుకున్న చెట్టు మీద తెరాకా మాత్రం యథావిధిగా గొంతు చించుకుంటున్నాడు. అతన్ని దిగమనే రూలు ఏ కాగితంలోనూ లేదు.

మధ్యాహ్నానికి పదకొండు మంది అయ్యారు.

"నెగ్గినవాళ్ళు?" అంది నానోవా.

బవురో నేల చూశాడు. "ఇద్దరండీ."

"ఏ ఇద్దరు?"

పేర్లు చెప్పాడు. ఆ ఇద్దరూ ఊళ్ళో నోరు మూతపడని వెధవలు. నిద్రలో కూడా మాట్లాడతారు, అక్షరాల దగ్గరికొచ్చేసరికి అంతంత మాత్రం. మిగతా తొమ్మిది మందీ బుద్ధిమంతులు. వాళ్ళకు సున్నా!

"మిగతావాళ్ళు తప్పులు చదివారా?"

"చదవలేదండీ. జవాబు లేదు అని వచ్చింది."

"నా పిల్లలు జవాబు చెప్పలేదా?"

బవురో ట్యాబును సంచిలో పెట్టుకున్నాడు. ఒక సంచి, రెండో సంచి, మూడోది.

నానోవా అతనికి తీపికల్లు పోసి, పక్కన కూర్చుని మెల్లగా లాగింది. "మీ ఇంట్లో టీచర్లు ఎవరైనా ఉన్నారా నాయనా?"

"మా వదినండీ. చదువయిపోయింది. ఉద్యోగం కోసం చూస్తోంది."

అంతే. తాళం చెవి దొరికింది. వదినగారికి నుకమారో మూడో తరగతి కావాలి, మరిదిగారు పలక పట్టుకొచ్చాడు. నానోవా గ్లాసులో మిగిలిన కల్లు అతని చేతిలోంచి తీసుకుని తనే తాగేసింది.

మూడో రోజు పొద్దున బవురో మొదట పిలిచింది అకోయాను. ఆ పిల్ల నానోవా కంటి వెలుగు. తరగతిలో అందరికంటే ముందు లేచే కనుబొమలు అకోయావే. మిగతావాళ్ళవి మాట విన్నాక లేస్తే, ఆ పిల్లవి మాట బయటికి రాకముందే లేచేవి. పాఠం మొదలుపెట్టి మూడు మాటలు అందిస్తే మిగతాదంతా పుస్తకం చూడకుండానే గడగడా అప్పజెప్పేది.

నానోవా చీపురు పట్టుకుంది. ఆ రోజు ఊడ్చినట్టు ఆ చోటు ముందూ ఊడవలేదు, తర్వాతా ఊడవలేదు. ఒక్క ఆకునే గంటసేపు అటూ ఇటూ తోసిందని చూసినవాళ్ళు చెబుతారు. చీపురు కిందికి, చూపు పాకలోకి.

"సిద్ధమేనా అకోయా? మొదలుపెడదామా?" అన్నాడు బవురో.

అకోయా కనుబొమలు ఠక్కున లేచాయి.

బవురో ఆ కనుబొమల వంకే చూశాడు. "మొదలుపెడదామా అమ్మా?" అని మళ్ళీ అడిగాడు, బతిమాలుతున్నట్టు. కనుబొమలు మళ్ళీ లేచాయి, ఈసారి జుట్టు దాకా. బవురో నిట్టూర్చి, జవాబు లేదు అనే ఎర్రగడి మీద వేలు పెట్టాడు. "సరే, వెళ్ళు" అని పిల్ల చేతికి ఒక పెన్సిలిచ్చి పంపేశాడు.

నానోవా చేతిలో చీపురు ఆగిపోయింది. తన కళ్ళతో చూసింది. పిల్ల ఔనంది. వాడు కాదని నొక్కాడు!

అక్కడికక్కడే చీపురు తిరగేసి కొట్టేదే. కానీ ఆ మధ్యాహ్నం ఊరివాళ్ళు అతిథికి మనేబాలో విందు పెడుతున్నారు. మనేబా అంటే ఊరందరి ఇల్లు, కప్పు అంచు నడుమెత్తులో ఉంటుంది, ఎంతటివాడైనా వంగి లోపలికి రావాలి. అక్కడ అడిగిన మాటకు అతిథి జవాబు చెప్పకుండా లేవకూడదు. నానోవా చీపురును బడి గోడకు ఆనించింది. "పిల్లలందరినీ తరగతిలో కూర్చోబెట్టాను, మిగతా పరీక్ష విందయ్యాక" అని బవురోతో అంది, తేనె పూసిన గొంతుతో. ఆ గొంతు విని పైన తెరాకా పాట మరిచిపోయాడు.

విందు విందే. బబాయి దుంపలు, కాల్చిన సీమపనస, ఎగిరే చేపలు, డబ్బా మాంసం కలిపిన అన్నం. బవురో మెడలో పూలదండ వేశారు. మెడ చుట్టూ పౌడరు చల్లారు. కొంచెమే చల్లుతారు మామూలుగా. ఆ రోజు ఆడవాళ్ళు ఎంత చల్లారంటే కుర్రాడు తుమ్మితే మేఘం లేచింది. తిన్నాక ఊరి పెద్ద తబోకాయి గొంతు సవరించుకుని, ఎవరైనా అతిథిని ఏమైనా అడుగుతారా అన్నాడు.

నానోవా తన కుటుంబం చోట్లోంచి లేచి నిలబడింది.

"నేను పరీక్ష పెడతాను పెద్దయ్యా. ఆయన పరీక్షే, ఆయన పలకే. అబ్బాయ్, ఉత్తుత్తి పరీక్ష ఏదైనా ఉంటే తెరిచి ఇలా ఇయ్యి."

బవురో పెద్దాయన వంక చూశాడు. తబోకాయి తలూపాడు. నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టిన ఖాళీ పరీక్ష తెరిచి, రెండు చేతులతో ట్యాబు అందించాడు. నానోవా దాన్ని వేడి గిన్నెలా పట్టుకుంది.

"పచ్చగడి సరైన జవాబు. ఎర్రగడి జవాబు లేదు. అంతేనా? సరే. మొదటి ప్రశ్న. భోంచేశావా నాయనా?"

ఊరి పెద్దలందరి ముందు గొంతెత్తుతాడా ఎవరైనా? బవురో కనుబొమలు ఎగరేశాడు.

నానోవా ఎర్రగడి నొక్కింది.

"రెండు. చేప బాగుందా?"

కనుబొమలు. ఎర్రగడి.

"మూడు. నువ్వు ఈ దీవుల్లో పుట్టినవాడివేనా?"

కనుబొమలు. ఎర్రగడి. ఆడవాళ్ళ వైపు నుంచి కిసుక్కుమని నవ్వు.

"నాలుగు. ఇవాళ పొద్దున అకోయాను సిద్ధమేనా అని అడిగావా?"

కనుబొమలు. ఎర్రగడి.

"అయిదు. అకోయా ఔనందా?"

బవురో కనుబొమలు అలవాటుగా లేచాయి. సగంలో ఆగాయి. దిగలేదు, పైకీ పోలేదు, అక్కడే నిలబడిపోయాయి.

నానోవా ట్యాబును ఊరందరికీ చూపించింది. "అయిదుకు అయిదు జవాబు లేదు పెద్దయ్యా. తిన్నాడో లేదో కూడా తెలియని పిల్లాణ్ణి పంపారు తరావా వాళ్ళు. ఏ పుస్తకాల గదికి పంపుదాం?"

మనేబా పగలబడి నవ్వింది. కప్పు మీద కునుకు తీస్తున్న నాలుగు పక్షులు లేచి పక్క దీవికి పోయాయి, ఇంతవరకూ తిరిగి రాలేదు. తబోకాయి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నోరు తెరువు అబ్బాయ్. ఇక్కడ నిన్నెవరూ తప్పు పట్టరు" అన్నాడు.

బవురో లేచాడు. పౌడరు మీద చెమట కారి మొహం చారలు చారలుగా ఉంది.

"ఆ ట్యాబుకు చెవులున్నాయండీ, కళ్ళు లేవు. పరీక్షంతా రికార్డవుతుంది. తరావాలో కూర్చుని వింటారు. పోయిన నెల ఇంకో దీవిలో పిల్లలు కనుబొమలు ఎగరేస్తే నేను ఔనని పచ్చగడి నొక్కాను. గొంతే వినబడలేదు, దొంగలెక్క రాశావన్నారు. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికి పొమ్మన్నారు. నోటితో ఔననకపోతే కాగితం చదివించకూడదండీ. నాకు తెలుసు వాళ్ళు ఔనన్నారని. తెలిసే నొక్కాను."

మనేబాలో నవ్వు తగ్గింది.

"మరి మీ వదిన?" అంది నానోవా. అంత సులువుగా వదిలే మనిషా?

"ఆవిడకు మా దీవిలోనే ఉద్యోగమొచ్చిందని నిన్న రాత్రే కబురొచ్చిందండీ. ఇక్కడికి రమ్మన్నా రాదు, పడవెక్కితే వాంతులు."

నానోవా కాసేపు అతని మొహంలోకి చూసింది. వాంతుల మాట కల్పించి చెప్పేది కాదనిపించింది. కూర్చుంది.

పెద్దలు అప్పటికప్పుడు తీర్పు చెప్పారు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి, ఇరవై రెండు మందికీ. బవురో కూడా బతికిపోయానన్నట్టు ఒప్పుకున్నాడు. మొదటిది ఎందుకు చెల్లలేదో తరావాకు తనే చెప్పుకుంటానన్నాడు.

మర్నాడు తెల్లారగానే నానోవా పిల్లల్ని ఒడ్డున నిలబెట్టింది. "ఆ పలక గుడ్డిది. దానితో నోటితో మాట్లాడాలి. సిద్ధమేనా అంటే ఏమంటారు?"

"ఔను!"

"అది నీ చెవికే వినబడలేదు. మళ్ళీ!"

"ఔనూ!"

ఆ కేకకు లోపలి కడలిలో చేపలు గట్టుకొచ్చి పడ్డాయనీ, ఆ రోజు ఊళ్ళో ఎవరూ వల వెయ్యలేదనీ అంటారు. తెరాకా చెట్టు మీంచి, "ఏమే, నువ్వూ ఆ పలకా ఒకే కడుపున పుట్టారు. చప్పుడు వినబడకపోతే ఇద్దరూ మనిషిని నమ్మరు" అన్నాడు. ఆమె చీపురు పుల్ల విసిరింది. చెట్టు సగానికే వెళ్ళింది.

పరీక్ష మొదలైంది. ఈసారి నానోవా చూడలేదు. తరగతిలో గుమ్మం పక్కన కూర్చుని వింది. ఒక్కో పిల్లాడి "ఔను" స్పష్టంగా వచ్చింది. తర్వాత చదువు. కొందరిది వానలా, కొందరిది కారే కుండలా, బొట్టూ బొట్టూ. అకోయా వంతు వచ్చింది.

"ఔను!" అంది అకోయా. ఊళ్ళోకెల్లా గట్టి ఔను.

తర్వాత ఏమీ వినబడలేదు.

నానోవా చెవి ముందుకు చాపింది. పైన తెరాకా ఎవరో పిల్ల కోసం సముద్రం ఈదుతానని పాడుతున్నాడు. కింద పాకలో అకోయా ఒక మాట చదివింది. ఆగింది. రెండో మాట బదులు ఇంకేదో అంది. ఆగింది. అది బడి పుస్తకంలో లేని కథ, కంఠతా వచ్చినది కాదు. నిమిషం అయిపోయింది. పలక టింగుమంది. తరావాలో వినేవాళ్ళకు ఆ నిమిషంలో తెరాకా ఈత తప్ప ఇంకేమీ దొరికి ఉండదు.

నానోవా చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏడాదిగా ఆ పిల్లను రోజూ అర్థమైందా అని అడిగింది. రోజూ అందరికంటే ముందు ఆ కనుబొమలు లేచాయి. బిస్కెట్ పొట్లం ఊపి చూసింది గానీ, ఆ పిల్లను ఒక్కనాడూ ఊపి చూడలేదు.

సాయంత్రానికి లెక్క తేలింది. బవురో చిన్నగా చెప్పాడు. "పదకొండు మందండీ. మీ తరగతి మీకే."

ఊరు కేకలేసింది. తబోకాయి కర్రతో నేల కొట్టాడు. తెరాకా పెళ్ళానికి తీపికల్లు తెచ్చి, ఇది నిజంగా గీసిందేనని ఒట్టేశాడు. నానోవా తాగలేదు. పదకొండు. పది కాదు, పన్నెండు కాదు. గీత మీదికి సరిగ్గా కాలు పెట్టినట్టు పదకొండు.

మర్నాడు బవురో పడవెక్కాడు. మూడు సంచుల మూట ఒళ్ళో పెట్టుకున్నాడు. నానోవా నడుము లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుంది.

"ఒక్కమాట నాయనా. పదకొండు నిజంగా పదకొండేనా? నా మొహం చూసి జాలిపడి ఒకటి కలిపావా?"

ఇంజను అప్పుడే మొదలైంది. బవురో ఆమె వంక చూసి కనుబొమలు ఎగరేశాడు.

"దేనికి? దేనికి ఔను? నోటితో చెప్పు!"

పడవ కదిలింది. అతను చెయ్యి ఊపాడు. నోరు కదిలినట్టే ఉంది, ఇంజను మోత దాన్ని మింగేసింది. నానోవా తడిబట్టలతో ఒడ్డున నిలబడి, పడవ చుక్కయ్యే దాకా చూసింది. ఆ చుక్కను కూడా కాసేపు నమ్మలేదు.

అలాగే బడికి వచ్చింది. బట్టలు మార్చుకోలేదు, చాప మీద నీళ్ళు కారుతున్నాయి. పిల్లలు నిన్నటి గెలుపుతో ఇకిలిస్తున్నారు. పరీక్షలో వచ్చిన కథనే నల్లబల్ల మీద రాసింది. రాసి, అలవాటు కొద్దీ తిరిగి అడిగింది.

"అర్థమైందా?"

ఇరవై రెండు జతల కనుబొమలు లేచాయి. అకోయావి అందరికంటే ముందు.

నానోవా ఆ కనుబొమలను చూసింది, విరిగిన బిస్కెట్ల పొట్లాన్ని చూసినట్టు. ఒక్కొక్క జతనూ, వరసగా. పిల్లలకు ఏదో తేడా తెలిసింది. కనుబొమలు ఒక్కొక్కటే దిగాయి.

ఆమె అకోయా పక్కన చాప మీద చతికిలబడింది. ఆ కథలో మొదటి మాట పిల్ల పలక మీద రాసి, మొదటి అక్షరం కింద పుల్ల పెట్టింది.

"ఇది చదువు."

అకోయా కనుబొమలు ఎగరేసింది.

"ఊహూ. నాకు కళ్ళు లేవనుకో. నోటితో."

పిల్ల పెదాలు తడుపుకుంది. బయట చెట్టు మీద పాట ఆగింది. నానోవా కేకెయ్యలేదు. అకోయా నోట్లోంచి మొదటి అక్షరం వచ్చింది, చాలా సన్నగా. నానోవా పుల్లను రెండో అక్షరం కిందికి జరిపింది. ఇంకా ఇరవై ఒక్క మంది ఉన్నారు, నెగ్గిన పదకొండు మందితో సహా.